టీవీ డిటెక్టివ్‌లు, మన జిల్లా హత్య కేసులు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇరవై ఎనిమిదేళ్లు సెషన్స్ కోర్టులో సాక్షుల వాంగ్మూలాలు టైపు చేసే ఉద్యోగం చేశాను. ఇప్పుడు నల్లగొండలోనే విశ్రాంత జీవితం. రాత్రి భోజనాలయ్యాక మా ఇంట్లో టీవీ ముందు ఏడెనిమిది మంది చేరతారు. మా అత్తగారు, పక్కింటి పిల్లలు, మేడ మీద అద్దెకుండే దంపతులు, సెలవులకు మహబూబ్‌నగర్ నుంచి వచ్చే మా ఆడపడుచు కొడుకు. హత్యల సీరియల్ నడుస్తున్నంతసేపు ఎవరూ నోరు విప్పరు. అయిపోయాక మాత్రం నన్ను వదలరు. "అత్తమ్మా, నిజంగా ఇలాగే చేస్తారా?" అని మొదలుపెడితే పడుకునే వేళ దాటిపోతుంది. అడిగినవే మళ్లీ మళ్లీ అడుగుతున్నారు కాబట్టి జవాబులన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. 2024 జులై 1 నుంచి కొత్త నేర చట్టాలు అమలులోకి వచ్చాయి. అందుకని సెక్షన్లు చెప్పాల్సిన చోట కొత్త నంబర్లే ఇచ్చాను.

మన ఊళ్లో హత్య జరిగితే సీఐడీ వస్తుందా?

సాధారణంగా రాదు. 'సీఐడీ' సీరియల్ సోనీ టీవీలో 1998 జనవరి 21న మొదలై 2018 అక్టోబరు దాకా నడిచింది. 1,500కు పైగా ఎపిసోడ్లు వచ్చాయి. 2024 డిసెంబరులో మళ్లీ మొదలైంది. అందులోని పోలీసులు ఏసీపీ ప్రద్యుమన్, అభిజీత్, తలుపులు పగలగొట్టే దయ మన పిల్లలకు మేనమామలంత దగ్గరివాళ్లు. అందుకే సీఐడీ అంటే హత్య జరగగానే బండి దిగే జట్టు అనుకుంటారు. నిజానికి సీఐడీ రాష్ట్రస్థాయి విభాగం. పైనుంచి ప్రత్యేకంగా అప్పగించిన కేసులనే చూస్తుంది.

ఊళ్లో హత్య జరిగితే ముందు వచ్చేది ఆ మండల పోలీస్ స్టేషన్ ఎస్సై. వెనువెంటనే సర్కిల్ ఇన్‌స్పెక్టర్ వస్తారు. హత్య కేసు దర్యాప్తు మామూలుగా సీఐ చేతిలోనే ఉంటుంది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసు నమోదైతే డీఎస్పీ స్థాయి అధికారి దర్యాప్తు చేయాలి. పెళ్లయిన ఏడేళ్లలోపు స్త్రీ అనుమానాస్పదంగా చనిపోతే తహసీల్దారు వచ్చి శవ పంచనామా చేస్తారు. నేను చూసిన ఏ సీరియల్లోనూ తహసీల్దారు కనిపించలేదు. కోర్టులో మాత్రం వరకట్న చావు కేసుల్లో తహసీల్దారు సాక్ష్యం ఎన్నిసార్లు టైపు చేశానో లెక్కలేదు.

పోలీసులు దయలాగా తలుపు పగలగొట్టవచ్చా?

పగలగొట్టవచ్చు, అయితే ముందు పద్ధతి ఉంది. తాము ఎవరో, ఎందుకొచ్చారో చెప్పి లోపలికి రానివ్వమని అడగాలి. అడిగినా దారి ఇవ్వకపోతే తలుపు పగలగొట్టి వెళ్లే అధికారం నాగరిక సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 44వ సెక్షన్ ఇస్తుంది. లోపల, బయటివాళ్ల ముందుకు రాని ఆచారం పాటించే స్త్రీ ఉంటే, ఆమె పక్కకు వెళ్లడానికి అవకాశం ఇచ్చిన తర్వాతే అడుగు పెట్టాలి. తలుపు ఇంత సులువుగా ఊడుతుందా అని పక్కింటి చిన్నవాడు ప్రతిసారీ అడుగుతాడు. మన పాత ఇళ్ల టేకు తలుపులైతే ఊడవు.

హత్య రాత్రి పదికీ పదకొండుకూ మధ్య జరిగిందని డాక్టర్ అంత కచ్చితంగా ఎలా చెబుతాడు?

చెప్పలేడు. సీరియల్లో శవాన్ని చూసేదీ, రక్తం పరీక్షించేదీ, విషం పేరు చెప్పేదీ ఒక్క డాక్టరే. నిజంగా ఇవి వేర్వేరు చోట్ల, వేర్వేరు మనుషులు చేసే పనులు. పోస్టుమార్టం ప్రభుత్వ ఆసుపత్రిలోనో, మెడికల్ కాలేజీలోనో జరుగుతుంది. మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండ, సూర్యాపేటల్లో 2019లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. రక్తం, విషం, డీఎన్ఏ పరీక్షలకు నమూనాలు హైదరాబాద్ రెడ్ హిల్స్‌లోని ఫోరెన్సిక్ సైన్స్ ల్యాబొరేటరీ దాకా వెళ్లాలి.

ఇక సమయం సంగతి. చనిపోయాక ఒళ్లు బిగుసుకుంటుంది. కనురెప్పలు, దవడ దగ్గర మొదలై రెండు మూడు గంటల్లో తెలుస్తుంది. సుమారు పన్నెండు గంటల్లో ఒళ్లంతా పాకుతుంది, మరో పన్నెండు గంటలు అలాగే ఉండి, ఆ తర్వాత పన్నెండు గంటల్లో వదులుతుంది. ఇది పుస్తకంలో ఉండే లెక్క. మన ఎండలు ఆ లెక్కను తారుమారు చేస్తాయి. మే నెలలో వేడికి బిగుసుకోవడం త్వరగా మొదలై త్వరగా పోతుంది. ఒళ్లు చల్లబడిన తీరును బట్టి గంటలు లెక్కించే పద్ధతి ఇంకొకటి ఉంది. మనిషి ఒంటి వేడి 37 డిగ్రీలు. నల్లగొండలో బయట 44 డిగ్రీలుంటే శవం చల్లబడేదెక్కడ? ఆ పద్ధతి మధ్యాహ్నం పూట మన దగ్గర పనికే రాదు.

నెత్తురు కిందికి దిగి చర్మం మీద కమిలినట్టు మచ్చలు పడటం మాత్రం చాలా విషయాలు చెబుతుంది. కొన్ని గంటలయ్యాక ఆ మచ్చలు ఇక కదలవు. శవం వెల్లకిలా దొరికి, మచ్చలు ఛాతీ మీద ఉన్నాయంటే, చనిపోయాక చాలాసేపు బోర్లా పడి ఉందనీ, తర్వాత ఎవరో కదిలించారనీ అర్థం. పొలంలో దొరికిన శవం అసలు ఇంట్లో చనిపోయిందా అన్న సందేహం ఇలాగే మొదలవుతుంది.

కోర్టులో డాక్టర్లు "పరీక్షకు 12 నుంచి 24 గంటల ముందు" అన్నట్టుగా చెప్పేవారు. డిఫెన్స్ లాయరు "36 గంటలు కూడా అయి ఉండవచ్చు కదా?" అని అడిగితే, నిజాయితీ గల డాక్టరు "అవకాశం ఉంది" అనేవారు. ఆ మాట టైపు చేస్తున్నప్పుడు మొదట్లో నాకు బాధగా ఉండేది, కేసు చెడిపోతోందేమోనని. తర్వాత తెలిసింది, తెలిసినంత మేరకే చెప్పే డాక్టరు మాటకే జడ్జిగారు బరువిచ్చేవారని.

ముక్కు దగ్గర రుమాలు పెట్టగానే మనిషి స్పృహ తప్పుతాడా? విషం వాసన చూసి పేరు చెప్పవచ్చా?

రుమాలు మీద క్లోరోఫాం పోసి పెడితే క్షణంలో పడిపోవడం కథ మాత్రమే. నిమిషాల కొద్దీ ఆపకుండా పీలిస్తే తప్ప స్పృహ పోదు.

విషం వాసన విషయంలో టీవీ చెప్పేది కొంతవరకు నిజమే. మన పత్తి చేలల్లో వాడే కొన్ని పురుగుమందుల వాసన పోస్టుమార్టం టేబుల్ దగ్గరే తెలుస్తుంది. కంటి పాప సూదిమొనంత చిన్నదవడం, నోటి నుంచి నురగ రావడం కూడా గుర్తులే. కానీ అది అనుమానం వరకే. కడుపు, పేగు, కాలేయం, మూత్రపిండాల ముక్కలు సీసాల్లో పెట్టి, ఉప్పు ఇక కరగనంత చిక్కటి ఉప్పునీళ్లు పోసి, సీలు వేసి ల్యాబుకు పంపుతారు. వాటినే విసెరా అంటారు. ఆ నివేదిక వచ్చేదాకా డాక్టరు మరణ కారణం తేల్చకుండా ఉంచుతారు. సీరియల్లో ఈ నిరీక్షణ రెండు సెకన్లు. ఆ నివేదిక కోసం చనిపోయిన ఆడపిల్లల పుట్టింటివాళ్లు తిరిగిన తిరుగుడు నేను చూశాను.

ఇంకో ప్రశ్న కూడా ఇక్కడే వస్తుంది. తాగించారా, తనే తాగాడా? ఇది ల్యాబు చెప్పదు. చుట్టుపక్కలవాళ్లు చెప్పాలి.

సాగర్ కాలువలో శవం తేలితే, నీళ్లలో మునిగి చనిపోయాడో, చంపి పడేశారో ఎలా తెలుస్తుంది?

మా ఇంట్లో ఎక్కువసార్లు అడిగే ప్రశ్న ఇది. ఎడమ కాలువ మిర్యాలగూడ మీదుగా సూర్యాపేట జిల్లాలోకి, అక్కడి నుంచి ఖమ్మం వైపు పోతుంది. ఒక మండలంలో పడ్డ శవం ఎక్కడో దిగువన తూము దగ్గర తేలుతుంది. వేసవిలో ఒకటి రెండు రోజుల్లో తేలుతుంది, చలికాలంలో ఇంకా ఆలస్యమవుతుంది.

ప్రాణంతో ఉండి మునిగిన మనిషి ఊపిరి కోసం కొట్టుకుంటూ నీళ్లు పీలుస్తాడు. ముక్కు, నోటి దగ్గర సన్నటి తెల్లని నురగ, గుప్పిట్లో చిక్కిన నాచు, మట్టి దీనికి గుర్తులు. ల్యాబులో డయాటమ్ పరీక్ష కూడా చేస్తారు. డయాటమ్‌లు నీళ్లలో ఉండే కంటికి కనబడని నాచు జాతి జీవులు, వాటికి గాజులాంటి పెంకు ఉంటుంది. గుండె కొట్టుకుంటూ ఉండగా పీలిస్తే అవి ఊపిరితిత్తుల నుంచి రక్తంలోకి, రక్తం నుంచి ఎముక మూలుగలోకి చేరతాయి. అందుకే తొడ ఎముకతో పాటు కాలువ నీళ్ల సీసా కూడా ల్యాబుకు పంపుతారు. రెండిట్లో ఒకే రకం దొరికితే ఒక ఆధారం అవుతుంది. ఒక్క దాంతోనే కేసు తేలిపోదు.

ఇక ఏ స్టేషన్ పరిధి అన్న తగువు. "అది మా పరిధి కాదు, పైమండలానికి పొండి" అంటే ఒప్పుకోనక్కర్లేదు. నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాలి. దాన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటారు, ఇప్పుడది చట్టంలోనే ఉంది. ఫిర్యాదు ఇచ్చినవారికి ఎఫ్ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి, అడిగి తీసుకోండి.

కడిగేసిన నెత్తురు నీలంగా మెరుస్తుందా?

మెరుస్తుంది. లూమినాల్ అనే రసాయనం చల్లితే, నెత్తురులోని ఇనుము వల్ల చీకట్లో కాసేపు నీలి వెలుగు వస్తుంది. బట్టల సబ్బుపొడుల్లో, గచ్చు కడిగే మందుల్లో ఉండే బ్లీచింగ్‌కు, రాగికి కూడా అది మెరవగలదు. కాబట్టి ఆ వెలుగు "ఇక్కడ వెతకండి" అని మాత్రమే చెబుతుంది.

మన ఊళ్లలో గచ్చు కంటే మట్టి వాకిలే ఎక్కువ. అక్కడ పోలీసులు చేసే పని వేరు. నెత్తురు అంటిన మట్టి ఒక పొట్లం, అదే వాకిట్లో నెత్తురు అంటని మట్టి ఇంకో పొట్లం తీసుకుంటారు. రెండో పొట్లం ఎందుకో నాకు మొదట అర్థం కాలేదు. పోల్చి చూడటానికి అది లేకపోతే, మొదటి పొట్లంలో దొరికింది ఆ నేలలో ముందునుంచీ ఉన్నదే అని వాదించవచ్చు. ఈ రెండు పొట్లాలూ కోర్టుకు వచ్చేవి. ఖాకీరంగు కాగితం, పురికొస, ముడి మీద ఎర్ర లక్క, పైన అతికించిన చీటీ మీద ఇద్దరు పంచుల, అంటే దగ్గరుండి చూసిన ఊరి సాక్షుల, సంతకాలు. జడ్జిగారి ముందు పొట్లం విప్పినప్పుడు ఎండి గడ్డకట్టిన ఎర్రమట్టి బల్ల మీద పొడిపొడిగా రాలేది. దానికి 'ఎం.ఓ. 3' అని ఒక నంబరు. ఎం.ఓ. అంటే మెటీరియల్ ఆబ్జెక్ట్, కోర్టులో చూపే వస్తువు. ఆ మట్టిలో ఉన్నది ఒక మనిషి నెత్తురని తెలిసి చూడటం వేరు, టీవీలో చూడటం వేరు.

వేలిముద్రలు ఎప్పుడూ ఎందుకు దొరకవు?

వేలిముద్రల శాస్త్రానికి మన దేశమే పుట్టిల్లు. ప్రపంచంలో మొదటి వేలిముద్రల కార్యాలయం 1897లో కోల్‌కతాలో మొదలైంది. వాటిని వర్గీకరించే పద్ధతికి లెక్క కట్టింది అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే మన పోలీసు ఉద్యోగులే. అయితే వేలిముద్ర పడాలంటే నున్నటి వస్తువు ఉండాలి. గాజు గ్లాసు, బీరువా తలుపు, ఉక్కు బిందె అయితే దొరుకుతుంది. మన దగ్గర హత్యల్లో నేను ఎక్కువగా టైపు చేసిన ఆయుధాలు బండరాయి, గొడ్డలి, కొడవలి, రోకలి. గరుకు రాయి మీద, చెమటకు నానిన కర్ర పిడి మీద ముద్ర నిలవదు.

పోలీసు కుక్క ఒకరి ఇంటి ముందు ఆగిందంటే అతనే హంతకుడా?

కాదు. జాగిలం దారి చూపుతుంది, సాక్ష్యం చెప్పదు. కుక్క వాసన పట్టిన తీరును బలహీనమైన ఆధారంగానే చూడాలని సుప్రీంకోర్టు చెప్పింది. జాగిలం ఆగిన ఇంటి మీద ఊరంతా రాళ్లు వేసే పని మాత్రం దయచేసి చేయకండి. అది ఆగింది బువ్వ వాసనకా, మనిషి వాసనకా అని ఆ క్షణంలో చెప్పగలిగినవారు ఎవరూ ఉండరు.

చివర్లో హంతకుడు అంతా ఒప్పుకుంటాడు కదా, ఇంకేం కావాలి?

ఈ ప్రశ్న కోసమే ఇదంతా రాస్తున్నాను.

ప్రతి ఎపిసోడ్ చివరి ఐదు నిమిషాలు ఇలాగే ఉంటాయి. అందరినీ ఒక గదిలో కూర్చోబెడతారు, చెంపదెబ్బ పడుతుంది, అతను ఏడుస్తూ మొత్తం చెప్పేస్తాడు. కేసు అయిపోయినట్టే. మన చట్టం ప్రకారం ఆ ఒప్పుకోలుకు కోర్టులో విలువ లేదు. పోలీసు అధికారికి చేసిన నేరాంగీకారం నిందితుడి మీద వాడకూడదని 1872 నాటి సాక్ష్య చట్టం 25వ సెక్షన్‌లో రాశారు. ఇప్పటి సాక్ష్య అధినియమంలో 23వ సెక్షన్ అదే చెబుతోంది. కొట్టి ఒప్పించవచ్చన్న భయంతో పెట్టిన నియమం అది. నూటయాభై ఏళ్లు దాటినా దాన్ని ఎవరూ తీసేయలేదు.

ఒక్క కిటికీ తెరిచి ఉంచారు. నిందితుడు చెప్పిన దాన్ని బట్టి ఒక వస్తువు బయటపడితే, ఆ బయటపడటానికి నేరుగా సంబంధించిన మాట వరకు కోర్టు వింటుంది. దీని మీద దేశంలో ప్రతి లా కాలేజీలో చెప్పే కేసు మన తెలుగువాళ్లదే. గుంటూరు జిల్లా నుంచి లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ (అప్పట్లో మనకు ఆఖరి అప్పీలు కోర్టు) దాకా వెళ్లిన పులుకూరి కోటయ్య కేసు. 1946లో తీర్పు వచ్చింది. బల్లేన్ని ఫలానావారి గడ్డివాములో దాచానని ఒక నిందితుడు చెప్పాడు, అది అక్కడ దొరికింది. ప్రివీ కౌన్సిల్ ఏమందంటే: బయటపడిన సంగతి ఆ వస్తువు అక్కడ ఉందనీ, అక్కడ ఉన్నట్టు అతనికి తెలుసనీ మాత్రమే. 'దానితోనే పొడిచాను' అన్న మాట అందులోకి రాదు. మా ఆడపడుచు కొడుకు లా చదువుతున్నాడు. ఈ కేసు వాళ్లకు మొదటి ఏడాదే చెప్పారట.

ఇప్పుడు ఆలోచించండి. గడ్డివాములో బల్లెం దొరికిందని కోర్టుకు ఎవరు చెప్పాలి? పోలీసులు చెబితే "మీరే పెట్టారు" అంటారు. అందుకే ఊళ్లో సంబంధం లేని ఇద్దరిని పంచులుగా వెంట తీసుకెళ్లాలి. వాళ్లు కళ్లతో చూసి పంచనామా మీద సంతకం పెట్టాలి. ఏళ్ల తర్వాత కోర్టుకు వచ్చి అదే మాట చెప్పాలి. సీరియల్ మొత్తంలో ఎక్కడా కనిపించని ఈ ఇద్దరి మీదే అసలు కేసు నిలబడుతుంది.

ఒక గొడ్డలి కేసు చెబుతాను. పంచుగా వచ్చినాయన ఊళ్లో చిన్న కిరాణా కొట్టు నడుపుతాడు. డిఫెన్స్ లాయరు గట్టివాడు. "నువ్వు బావి దగ్గరికి వెళ్లనే లేదు, స్టేషన్లో కూర్చుని సంతకం పెట్టావు" అన్నాడు. కొట్టాయన కాసేపు ఆలోచించి చెప్పాడు: "ఆ ఏడు బావి ఎండిపోయింది సార్. మోటారు తీసేశారు, పైపు మాత్రమే ఉంది. తూర్పు వైపు మెట్లు. నాలుగో మెట్టు విరిగి ఉంటే నేను గోడ పట్టుకుని దిగాను. అతను రాతి సందులో చెయ్యి పెట్టి యూరియా సంచి లాగాడు. సంచి మూతి పసుపు తాడుతో కట్టి ఉంది." జడ్జిగారు ఎం.ఓ. సంచి తెప్పించారు. మూతికి పసుపురంగు నైలాన్ తాడు ఉంది. లాయరు ఆ తర్వాత బావి గురించి ఒక్క ప్రశ్న అడగలేదు.

ఇంకో కేసులో పంచు బోనెక్కి "నాకేమీ తెలియదు, తెల్ల కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు" అన్నాడు. అది నిజమే అయితే ఆ పోలీసుల తప్పు క్షమించరానిది. అబద్ధమైతే ఆ మనిషి తప్పు అంతకంటే పెద్దది. ఏదైనా సరే, నిందితుడు ఆ సాయంత్రమే బయటికి నడిచాడు. చనిపోయినవాడి తల్లి కోర్టు వరండాలో సద్దిమూట పక్కన పెట్టుకుని కూర్చుని ఉంది. ఆమెకు తీర్పు అర్థం కాలేదు, నన్ను అడిగింది. నేను చెప్పలేకపోయాను.

నార్కో పరీక్ష చేస్తే నిజం బయటికి రాదా?

2010లో సుప్రీంకోర్టు సెల్వి కేసులో ఈ ప్రశ్నకు జవాబిచ్చింది. మనిషి ఒప్పుకోకుండా నార్కో (మత్తుమందు ఇచ్చి ప్రశ్నలడగడం), లై డిటెక్టర్, బ్రెయిన్ మ్యాపింగ్ పరీక్షలు చేయకూడదు. ఒప్పుకుని చేయించుకున్నా, ఆ మత్తులో చెప్పిన మాట సాక్ష్యం కాదు.

చూసినవాళ్లు ఎవరూ లేకపోతే శిక్ష పడుతుందా?

పడుతుంది. పరిస్థితుల సాక్ష్యం అంటారు దాన్ని. 1984లో సుప్రీంకోర్టు దీనికి గీటురాయి పెట్టింది. ప్రతి పరిస్థితీ రుజువు కావాలి, అన్నీ గొలుసులా కలవాలి, నిందితుడు తప్ప ఇంకెవరూ చేసి ఉండరన్న చోటికే అవి చేర్చాలి.

పిల్లలకు ఇది చెప్పడానికి పానగల్లు ఛాయా సోమేశ్వరాలయానికి తీసుకెళ్లాను. మా ఇంటికి దగ్గరే, ఉదయసముద్రం చెరువు పక్కన. గర్భగుడిలో లింగం వెనుక గోడ మీద పగలంతా స్తంభం నీడ ఒకటి కదలకుండా నిలబడి ఉంటుంది. ఇది ఏ స్తంభం నీడో కనిపెట్టమన్నాను. అరగంట ఒక్కో స్తంభం దగ్గర నిలబడి, చేతులు అడ్డం పెట్టి చూశారు. ఏ ఒక్క స్తంభం నీడా కాదది. వేర్వేరు వైపుల నుంచి లోపలికి వచ్చే వెలుగూ, దానికి అడ్డుపడే స్తంభాలూ అన్నీ కలిసి ఆ ఒక్క చోట నీడను నిలబెడుతున్నాయి. చిన్నవాడు "అమ్మమ్మా, అయితే అందరు సాక్షులూ కలిసి చెప్పినట్టా?" అన్నాడు. అవునన్నాను.

ప్రైవేటు డిటెక్టివ్‌ను పెట్టుకోవచ్చా?

వివరాలు సేకరించడానికి పెట్టుకోవచ్చు. కానీ అతనికి అరెస్టు చేసే, సోదా చేసే, హత్య కేసు దర్యాప్తు చేసే అధికారం లేదు.

కేసు తేలడానికి ఎంతకాలం పడుతుంది?

అరెస్టు చేసిన 24 గంటల్లో నిందితుడిని మేజిస్ట్రేటు ముందు పెట్టాలి. హత్య కేసులో 90 రోజుల్లో చార్జిషీటు వేయకపోతే అతనికి బెయిలు హక్కుగా వస్తుంది. ఆ తర్వాత విచారణకు గడియారం లేదు. ఉమ్మడి నల్లగొండ జిల్లాలోనే రెండు కేసులు చూడండి. మిర్యాలగూడలో 2018 సెప్టెంబరులో జరిగిన కులాంతర వివాహం నేపథ్యంలోని హత్యకు 2025 మార్చిలో తీర్పు వచ్చింది. ఆరున్నరేళ్లు. హాజీపూర్‌లో 2019 ఏప్రిల్‌లో బయటపడిన బాలికల హత్యలకు 2020 ఫిబ్రవరిలోనే తీర్పు వచ్చింది. పది నెలలు. రెండూ నల్లగొండ కోర్టు ఇచ్చినవే.

మన కళ్ల ముందు ఇలాంటిది జరిగితే ఏం చేయాలి?

ప్రాణం ఉందేమో చూడండి. ఉంటే 108కి ఫోను చేసి బతికించడం ముఖ్యం, మిగతావన్నీ తర్వాత. లేదని తెలిస్తే 112కి చేయండి, ఎవరినీ దగ్గరికి రానివ్వకండి.

మన ఊళ్లలో మంచి మనసుతో చేసే పనులే ఎక్కువ చెరుపు చేస్తాయి. శవం అలా పడి ఉండటం చూడలేక ఇంట్లో దుప్పటి తెచ్చి కప్పుతారు, దానితో ఇంటివాళ్ల వెంట్రుకలు, నూలుపోగులు శవం మీదికి చేరతాయి. వాకిలి కడుగుతారు. పక్కన పడ్డ కొడవలిని పిల్లలు తొక్కుతారేమోనని చూరులో పెడతారు. జారిన చెప్పు జత చేసి పెడతారు. దయచేసి వద్దు. ఏడేళ్లు, అంతకు మించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు చోటుకు రావాలని కొత్త చట్టంలో ఉంది. వాళ్లు వచ్చేసరికి ఆ చోటు ఎలా ఉందో అలాగే ఉండాలి. ఫోటోలు తీసి వాట్సాప్‌లో పెట్టడం కూడా మానండి, చనిపోయినవారి పిల్లలు ఆ ఫోటో చూస్తారు.

పంచుగానో, సాక్షిగానో రమ్మంటే భయంగా ఉంటుంది. వెళ్లాలా?

వెళ్లండి. పంచనామా అయితే అక్కడికి నిజంగా వెళ్లి, చూసి, రాసింది చదివించుకుని, ఖాళీ జాగా వదలకుండా ఉందని చూసి సంతకం పెట్టండి. ఇప్పుడు సోదా, స్వాధీనం వీడియో తీయాలని నాగరిక సురక్షా సంహిత 105వ సెక్షన్ చెబుతోంది. మంచిదే, కానీ కెమెరా పక్కకు తిరిగినప్పుడు అక్కడ ఉన్నది మీరే.

సాక్షిగా పోలీసులకు చెప్పిన వాంగ్మూలం మీద మీ సంతకం తీసుకోకూడదు. అలా అడిగితే అక్కర్లేదని చెప్పవచ్చు. స్త్రీలను, 15 ఏళ్లలోపు, 60 ఏళ్లు దాటిన మగవారిని, వికలాంగులను, తీవ్ర అనారోగ్యంతో ఉన్నవారిని సాక్ష్యం కోసం స్టేషనుకు రమ్మనకూడదు. పోలీసులే ఇంటికి రావాలి. బెదిరింపులుంటే సాక్షుల రక్షణ పథకం ఉంది. 2018లో సుప్రీంకోర్టు దాన్ని దేశమంతటా అమలు చేయమంది. పోలీసులకో, ప్రభుత్వ న్యాయవాదికో చెప్పి దరఖాస్తు పెట్టించండి.

కోర్టులో మీరు చెప్పింది టైపు చేశాక మీకు చదివి వినిపిస్తారు. చాలామంది వినకుండానే తల ఊపి సంతకం పెట్టేస్తారు. అలా చేయకండి. దేవరకొండ వైపు నుంచి వచ్చిన ఒక ముసలాయన చదువుతున్నంతసేపు కళ్లు మూసుకుని విన్నాడు. ఒకచోట చెయ్యెత్తి ఆపాడు. "ఎడమ అని రాశారమ్మా. నేను చెప్పింది కుడి. మా వేపచెట్టు కుడి పక్కన ఉంటుంది." జడ్జిగారు నా వైపు చూసి తల ఊపారు. నేను ఆ కాగితం మళ్లీ మెషిన్లో పెట్టి సరిచేశాను.